పాఠమంతా నోటికొచ్చినా చదవడం రాని పిల్లవాడు: ఒక కేస్ స్టడీ

ఈ పిల్లవాణ్ని ఈరన్న అని పిలుద్దాం. ఆదోని, కోసిగి, కౌతాళం వైపు ఉరుకుంద ఈరన్నస్వామి పేరు పెట్టుకోని ఇల్లు తక్కువ. మా బడి హాజరు పట్టీ తెరిస్తే ఈరన్నలు, ఈరమ్మలు వరసగా కనపడతారు. కాబట్టి ఈ పేరు పట్టుకుని వాడెవరో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. ఊరి పేరు, బడి పేరు రాయడం లేదు. ఇంటి సంగతులు ఒకటి రెండు మార్చాను. చదువుకు సంబంధించినవి మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

చదవలేని పిల్లల గురించి రిజిస్టర్లలో మనం చాలా తేలిగ్గా రాసే మాట ‘ఆసక్తి లేదు’ అని. ఈరన్న పేరు పక్కన కూడా పాత రిజిస్టర్లో అదే ఉంది. వాడితో గడిపిన ఏడాదిన్నర తర్వాత ఆ మాట రాయడానికి నాకు చెయ్యి ఆడటం లేదు. ఎందుకో చెప్పడానికే ఇదంతా.

నేపథ్యం

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఒక ఎంపీపీ ప్రాథమిక పాఠశాల మాది. ఐదు తరగతులకు ఇద్దరం టీచర్లం. ఒకటి, రెండు తరగతులు హెడ్మాస్టర్ సార్ చూస్తారు. మిగతా మూడు తరగతులూ ఒకే గదిలో నా దగ్గర కూర్చుంటాయి. ఈ ఒకే గది సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఊళ్లో వానాధారం పత్తి, కంది, ఆముదం. బోర్లున్నవాళ్లకు మిరప, ఎర్రగడ్డ (ఉల్లి). పత్తి తీతలు అయిపోగానే చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. కొందరు పిల్లల్ని అవ్వాతాతల దగ్గర వదిలిపోతారు, కొందరు వెంటబెట్టుకుని పోతారు. ఇలాంటి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లున్నాయి. అయితే లారీ బయల్దేరే రోజుకు హాస్టల్ తెరిచి ఉంటేనే పిల్లవాడు ఊళ్లో మిగులుతాడు.

ఈరన్న నాలుగో తరగతిలోకి వచ్చేసరికి తొమ్మిదేళ్లు నిండాయి. అమ్మానాయనలది కూలి పని. తాతకు చిన్న మేకల మంద ఉంది. సాయంత్రాలు, ఆదివారాలు మేకల వెంట పోయేది వీడే. వాళ్లమ్మ పుట్టిల్లు సిరుగుప్ప వైపు కావడంతో ఇంట్లో కన్నడం కూడా నడుస్తుంది. చెల్లెలు ఒకటో తరగతి. రెండో తరగతిలోనూ మూడో తరగతిలోనూ సంక్రాంతి దాటాక వాడు బడిలో లేడు. మా దగ్గర ఒత్తులు బాగా నేర్పేది సరిగ్గా ఆ నెలల్లోనే.

సమస్య

జూన్‌లో బడి తెరిచాక ఒక్కొక్కరినీ పిలిచి చదివించాను. ఈరన్న లేచి నిలబడి, పుస్తకం మీద వేలు పెట్టి, గొంతెత్తి చదివాడు. కామా దగ్గర ఆగాడు, ప్రశ్న దగ్గర స్వరం పైకి తీశాడు. బాగా చదివేవాళ్ల వరసలో రాసుకునేదాన్నే, వాడి వేలు చూడకపోయుంటే. నోరు రెండో పేరాలో ఉంటే వేలు ఇంకా మొదటి పేరా చివర్న తచ్చాడుతోంది.

“రెండో లైనులో మూడో మాట ఏంది నాయనా?” అని అడిగాను. వాడు పెదాలు కదుపుకుంటూ పాఠం మొదట్నుంచి అందుకుని అక్కడిదాకా వచ్చి ఒక మాట చెప్పాడు. అది ఆ పక్క మాట. చదివే పిల్లవాడైతే కన్ను నేరుగా అక్కడికే పోతుంది. వీడికి పాఠం ఒక పాటలాగా ఉంది, మధ్యలోంచి అందుకోలేడు.

ఆ తర్వాత ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి అసర్ సర్వేలో, అంటే పల్లెల్లో పిల్లలకు చదవడం ఎంత వచ్చో చూసే సర్వేలో, వాడుతున్న తరహా పత్రం ఇచ్చాను. అందులో అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. ‘కల’, ‘పడవ’ లాంటి సరళ పదాలు వచ్చాయి. గుణింతం తగలగానే బండి ఆగిపోయింది. ‘మొగ్గ’ చూపిస్తే “మ మా మి మీ ము మూ” అంటూ గుణింతం పాడుకుంటూ మొ దాకా వచ్చాడు. అంతలో పక్కన ఇంకో అక్షరం ఉందన్న సంగతే మర్చిపోయాడు. ‘వు’ను ‘మ’ అన్నాడు. ఈ రెండిటికీ తేడా కొమ్ము కిందికి దిగడంలోనే ఉంది కాబట్టి చాలామంది పిల్లలు అక్కడ తడబడతారు. పేరా దగ్గర నోరు మెదపలేదు. ఏదైనా బొమ్మ ఉందేమోనని కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

అప్పుడు నాకు మూడు అనుమానాలు వచ్చాయి. మొదటిది కళ్లు. పీహెచ్‌సీలో చూపించాం, బాగానే ఉన్నాయి. రెండోది భాష. ఇంట్లో కన్నడం కలుస్తుంది కదా, తెలుగు సరిగ్గా అందడం లేదేమో అనుకున్నాను. వాడు విననిది ఒక కథ నోటితో చెప్పి, తిరిగి చెప్పమన్నాను. నేను చెప్పినదానికంటే బాగా చెప్పాడు, నక్క మాటలకు గొంతు కూడా మార్చాడు. మూడోది డిస్‌లెక్సియా లాంటిది, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడం కష్టమయ్యే ఇబ్బంది. అది తేల్చేది నేను కాదు. అయితే సరిగ్గా నేర్పకముందే ఆ ముద్ర వేయకూడదనుకుని, నేర్పుతూ గమనిద్దామని పక్కన పెట్టాను. తర్వాత కొత్త అక్షరాల్ని మిగతా పిల్లల వేగంతోనే పట్టుకోవడంతో ఆ అనుమానం బలహీనపడింది.

1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదివి అర్థం చేసుకోవడాన్ని రెండు భాగాలుగా చూడమన్నారు. ఒకటి అక్షరాల్ని మాటగా మార్చుకోవడం, రెండోది ఆ మాటల్ని విన్నప్పుడు అర్థం చేసుకోగలగడం. ఈ రెంటినీ కూడరు, గుణిస్తారు. ఒకటి సున్నా దగ్గర ఉంటే రెండోది ఎంత ఉన్నా లాభం లేదు. ఈరన్నకు రెండోది నిండుగా ఉంది. మొదటిది సున్నాకు కాస్త పైన ఉంది. అక్షరాలు బాగా వచ్చి అర్థం చేసుకోలేని పిల్లలకు చేసేది వీడికి చేస్తే వృథా. నా తర్వాతి నిర్ణయాలన్నీ ఈ లెక్కను బట్టే తీసుకున్నాను.

మరి ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చాడు? ఒకే గది కదా. మూడో తరగతిలో ఉండగానే, బడికొచ్చిన నెలల్లో నాలుగో తరగతి పాఠాలు పక్క వరసలోంచి విన్నాడు. తాత సంగతి చూస్తే ఇంకా అర్థమవుతుంది. ఏ సంతలో ఏ మేకను ఎంతకు అమ్మిందీ, ఎవరు ఎంత బాకీ ఉన్నదీ, ఎన్నేళ్ల కిందటిదైనా ఆయన నోటితోనే చెప్తాడు, కాగితం అక్కర్లేదు. ఆ ఇంట్లో తెలివంటే గుర్తుపెట్టుకోవడమే. ఆ లెక్కన ఈరన్న క్లాసులో అందరికంటే తెలివైనవాడు. చదవాల్సిన అవసరం వాడికి ఎక్కడా పడలేదు, అంతే.

మొదట చేసినవి, పారనివి

బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టాను. ఆసక్తి పెంచాలంటే ఎవరికైనా మొదట తోచేది అదే. కిటికీ ఊచలకు తాడు కట్టి రంగుల పుస్తకాలు వేలాడదీశాం. ఈరన్న అందరికంటే ముందు పోయి కూర్చునేవాడు. బొమ్మ చూసి పక్కవాడికి కథ అల్లి చెప్పేవాడు, అది పుస్తకంలో ఉన్నదానికంటే రసవత్తరంగా ఉండేది. కన్ను మాత్రం బొమ్మ దాటి కింది లైనులోకి దిగేది కాదు. ఎందుకు దిగుతుంది? కథంతా పైనే దొరుకుతోంది.

బహుమతులు పెట్టి చూశాను. పాఠం చదివితే పెన్సిలు. వాడు మరింత వేగంగా కంఠతా పట్టి పెన్సిలు పట్టుకుపోయాడు. స్మార్ట్ టీవీలో అక్షరాల పాటలు పెట్టినా అంతే, పాట వచ్చింది.

పొడుపు కథల దగ్గర మాత్రం నేను గట్టిగా ఆశ పెట్టుకున్నాను. ఒకటి రెండు లైన్లే ఉంటాయి, బొమ్మ ఉండదు, జవాబు దాగి ఉంటుంది, ఊరి పిల్లలకు ప్రాణం. చీటీల మీద రాసి పంచాను. ఈరన్న చీటీలో ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు’ ఉంది. ‘కి’, ‘ట’ కూడబలుక్కున్నాడు. మరుక్షణం తలెత్తి, “ఎప్పుడు తీసినా చప్పుడు కావు, కనురెప్పలు!” అన్నాడు. ఆ చీటీలో వాడు చదివింది రెండు అక్షరాలు. మిగతాదంతా వాళ్లవ్వ ఎప్పుడో ఇచ్చేసింది. తెలియని పొడుపు కథలు ఇస్తే చదివాడు గానీ, విప్పలేకపోయేసరికి విసుక్కున్నాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అలిసిపోయిన బుర్రను ఇంకో చిక్కుముడి విప్పమనడం ఎక్కువే అయింది.

తర్వాత వాడి మాటల్నే రాసి చదివించాను. పిల్లలు చెప్పింది టీచర్ రాసి, దాన్నే పాఠంగా చేసుకోవడం పాత పద్ధతే, చాలాచోట్ల బాగా పనిచేస్తుంది. ఈరన్న తన మేకల గురించి చెప్పాడు, నేను అట్టల మీద పెద్ద అక్షరాలతో రాశాను. వాడి మాట వాడి యాసలోనే రాశాను: “మా గొడ్డు మేక ఉంది. అది ఈనదు. తాత దాన్ని అమ్మల్లంటాడు. నేను అమ్మనీను.” తన మాట కాగితం మీద చూసి వాడి మొహం వెలిగిపోయింది. రోజూ తీసి చదువుకునేవాడు. అయితే అది మళ్లీ అప్పజెప్పడమే. తను చెప్పిన మాట తనకు గుర్తుండదా? అట్టలు ముక్కలుగా కత్తిరించి కలిపేసి మళ్లీ పేర్చమన్నాను. అప్పుడు ‘మేక’, ‘తాత’, ‘అది’ అనే మాటలు విడిగా గుర్తుపట్టడం వచ్చింది. ఆ మేరకు లాభమే. కొత్త మాట చదవడానికి మాత్రం ఆ దారి తీసుకుపోలేదు.

ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఒకటి తేలింది. బొమ్మల పుస్తకంలో జవాబు బొమ్మలో ఉంది, పాత పొడుపు కథలో చెవిలో ఉంది, సొంత కథలో వాడి తలలోనే ఉంది. అక్షరాల్లో మాత్రమే ఉండి, ఇంకెక్కడా దొరకని సంగతి నేను వాడి ముందు ఒక్కసారీ పెట్టలేదు. అలాంటి సంగతి ఏదో కావాలి. అది వాడికి అక్కరకొచ్చేదిగా కూడా ఉండాలి.

పారింది

పై గేరి (వీధి) నుంచి వచ్చే మూడో తరగతి పాప ఒకరోజు ప్రార్థనకు ముందే వచ్చి, తమ మేక తప్పిపోయిందని ఏడుపు మొహంతో చెప్పింది. “ఎవరికీ చెప్పొద్దు, బోర్డు మీద రాస్తాను, వాళ్లే చదువుకోనీ” అన్నాను. రాశాను:

మేక తప్పిపోయింది. నల్ల మేక. ఎడమ చెవికి గాటు ఉంది.

ఈరన్న లోపలికొచ్చి మామూలుగా బోర్డు వైపు చూశాడు. ‘మేక’ వాడికి తెలిసిన మాట. ఆగాడు. “ఏం మేక టీచర్?” అన్నాడు. “రాసి ఉంది కదా” అన్నాను. ‘నల్ల’ కొంత చదివి, కొంత ఊహించాడు. చెవి దగ్గర మాత్రం ఊహ పనిచేయలేదు. మేకకు చెవులు రెండు, గాటు దేనికైనా ఉండొచ్చు. మేకలు కాసేవాడికి ఏ చెవికన్నది చిన్న విషయం కాదు, మందలో గుర్తు అదే. బోర్డు దగ్గరికి పోయి ‘ఎ’, ‘డ’, ‘మ’ అని వేలితో తాకి చదివాడు. మళ్లీ కలిపి చదివాడు. తన ఎడమ చెవి పట్టుకుని ఆ పాప వైపు చూశాడు. ఆ పాప తలూపింది.

మేక మధ్యాహ్నానికల్లా దానంతటదే ఇల్లు చేరింది, ఈరన్న వెతికిందేమీ లేదు. నా పని మాత్రం ఆ పూటకే అయిపోయింది. ఇన్నాళ్లూ నేను పుస్తకాల్లో వెతికింది మూడు ముక్కల వార్తలో దొరికింది.

మర్నాటి నుంచి రోజూ ఒక వార్త. ప్రార్థనకు ముందు ఎవరో ఒక పిల్ల నా చెవిలో చెప్పాలి, నేను రాయాలి. రాసేటప్పుడు నేను చూసుకున్నది ఒక్కటే. అసలు సంగతి ఊహకు అందని మాటలో ఉండాలి: మనిషి పేరు, రంగు, లెక్క, వారం, వైపు. ‘తాత సంతలో మేకను అమ్మాడు’ అని రాస్తే సగం చదివి మిగతాది కట్టేస్తారు. ‘తాత సంతలో మేకను కొన్నాడు’ అని రాస్తే తప్పుతారు, తప్పినప్పుడు వెనక్కి వచ్చి అక్షరాలు చూస్తారు. ఆ ఊహించలేని మాట వాడికి అప్పటికి వచ్చిన గుణింతపు గుర్తులతోనే ఉండేలా జాగ్రత్తపడ్డాను. రానిది పెడితే వాడు పక్కవాణ్ని అడుగుతాడు, అడిగితే మళ్లీ చెవితోనే చదువు.

పక్కవాళ్లతోనే పెద్ద తంటా వచ్చింది. చదవగలిగిన ఐదో తరగతివాళ్లు లోపలికి వస్తూనే గట్టిగా చదివేసేవాళ్లు. చెప్పొద్దంటే గుసగుసలాడేవాళ్లు. కొన్నాళ్లకు వార్త చివర ఒక ప్రశ్న చేర్చి, జవాబు పలక మీద రాసి బోర్లించాలని నియమం పెట్టాను. పెద్దవాళ్లకు పలక గెలవడం ముఖ్యమైంది, నోళ్లు మూతపడ్డాయి. అప్పుడప్పుడు రెండు వార్తలు రాసి ఒకటి అబద్ధం అనేదాన్ని. ‘ఈరోజు సాంబారులో బెండకాయ.’ ‘ఈరోజు ఈరన్నకు ఐదు గుడ్లు.’ వాడు తన పేరు చూసి చదివి, ఒక్క క్షణం ఆశపడి, నవ్వాడు. అర్థమై నవ్వితే చదివినట్టే కదా, ఇంకో పరీక్ష ఎందుకు?

ఆసక్తి పుట్టగానే అక్షరాలు వాటంతటవే వస్తాయని నేను అనుకోలేదు. ఈ వార్తలతో పాటు రోజూ మధ్యాహ్నం కాసేపు వాణ్ని, వాడిలాంటి ఇంకొందరిని కూర్చోబెట్టి నేర్పాను. రెండు మార్పులు చేశాను. మొదటిది గుణింతం వరస మార్చడం. ‘క కా కి కీ’ అని అడ్డంగా పాడటం మానేసి, ఒక్కో గుర్తును నిలువుగా తీసుకున్నాం. గుడి ఒక్కటే: కి, గి, తి, ని, మి, రి. అది కుదిరాక గుడి దీర్ఘం, తర్వాత కొమ్ము. పాట తెగిపోవడంతో గుర్తును చూడక తప్పలేదు. ‘మొ’, ‘యొ’ లాంటివి మిగతా ఒత్వాల్లా ఉండవు కాబట్టి వాటిని విడిగా, చివర్లో చెప్పాను.

రెండోది ఒత్తుల్ని ముందుకు తేవడం. మనం ఒత్తుల్ని కష్టమైనవని చివరికి నెడతాం. కానీ ఇంట్లో పిల్లవాడు పిలిచే పిలుపుల్లో చాలావాటిలో ఒత్తులే: అమ్మ, అవ్వ, అక్క, అన్న, అత్త, తమ్ముడు, చెల్లెలు. మా ఊళ్లో మగపిల్లల్లో చాలామంది పేర్లు ‘అన్న’తో ముగుస్తాయి, వీడి అసలు పేరూ అంతే. ఒకటో తరగతి నుంచి తన పేరు రాసుకుంటున్నాడంటే న ఒత్తు వాడికి ఎప్పుడో వచ్చు, వచ్చని తెలియదు. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరంలా ఉండవు కాబట్టి వాటిని ఈ పిలుపుల్లో పెట్టి మాటగా చూపించాను. గ్గ, ద్ద, ప్ప, వ్వ లాంటివి తలకట్టు తీసిన అక్షరంలాగే ఉంటాయి, వాటికి అంత శ్రమ పడలేదు. ఒత్తులు లేకుండా వార్త రాయడం ఎలాగూ కుదరదు. ‘నిన్న’, ‘అక్క’, ‘వచ్చింది’ లేని వార్త ఏముంటుంది?

దసరా దాటాక వాడే వార్తలు తేవడం మొదలుపెట్టాడు. ఇక్కడ వాడి సొంత మాటలు ఇంకో విధంగా పనికొచ్చాయి. తను చెప్పినది మిగతావాళ్లు బోర్డు మీద చదువుతుంటే పక్కన నిలబడి చూసేవాడు. ఎవరైనా ‘కుంట’ను ‘కంట’ అని చదివితే, “కొమ్ము సూడు రా, కొమ్ము!” అని అరిచేవాడు. ఆ వారం కొమ్ముల్లో వాడు ఒక్కటీ తప్పలేదు.

బొమ్మల పుస్తకాల దగ్గరికి మళ్లీ పోయింది అప్పుడే. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి. మొదటి, రెండో స్థాయి కథలు ప్రింటు తీసి, బొమ్మ వెనక్కి వెళ్లేలా కాగితం మడిచి ఇచ్చాను. ముందు చదవాలి, తర్వాత మడత విప్పి బొమ్మ చూసుకోవాలి. ఇంటికి తీసుకుపోయి చెల్లెలికి చదివి వినిపించమన్నాను. ఆ పిల్లకు కథ తెలియదు కాబట్టి మధ్యలో ఆగితే ఊరుకోదు.

సుగ్గి

సంక్రాంతి దగ్గర పడుతుంటే నాకు గుబులు పట్టుకుంది. వాళ్లింటికి పోయాను. వాళ్లమ్మ మూటలు కడుతోంది. “ఈడ ఎవరు సూస్తారు టీచరమ్మా? అవ్వకు కండ్లు కనపడవు, తాత మేకలెంట పోతాడు” అంది. ఆ ఏడాది అప్పటికి హాస్టల్ ఇంకా తెరవలేదు. అక్కడ నేను చెప్పగలిగింది ఏమీ లేదు. పిల్లవాణ్ని ఆపడం నా చేతిలో లేనప్పుడు, ఆ ప్రయత్నం మానేసి ఇంకేం చేయగలనని ఆలోచించాను.

వాళ్ల నాయన దగ్గర ఫోన్ ఉంది. బోర్డు మీది వార్తను రోజూ టైపు చేసి వాట్సాప్‌లో పంపుతానన్నాను. వాయిస్ మెసేజ్ పెట్టడం నాకూ వాళ్లకూ తేలిక, వాళ్లింట్లో అందరూ అలాగే మాట్లాడుకుంటారు. వద్దనుకున్నాను. ఆ గుడారంలో తెలుగు చదవగలిగింది వాడొక్కడే. నేను గొంతుతో పంపితే ఊరి సంగతి నలుగురూ వింటారు, వాడు అక్కర్లేదు. రాసి పంపితే వాడు చదివితేనే మిగతా ముగ్గురికీ తెలుస్తుంది. వాళ్ల నాయన తర్వాత చెప్పాడు, పొద్దున లేస్తూనే కోతకు పోయే హడావుడి కాబట్టి రాత్రి అన్నాలయ్యాక వాణ్ని మధ్యలో కూర్చోబెట్టి చదివించుకునేవాళ్లట. పక్క గుడారం వాళ్లు కూడా వచ్చేవాళ్లట, వాళ్లదీ మా మండలమే. తాత మేకల కబుర్లు వారానికోసారి తప్పకుండా రాసేదాన్ని.

అన్ని రోజులూ అందలేదు. ఛార్జింగ్ లేక, డేటా అయిపోయి, మెసేజ్‌లు ఒంటి టిక్కుతో అలాగే ఉండిపోయిన వారాలున్నాయి. ఒకసారి వాడు చదివి వాయిస్ పెట్టాడు, అందులో ‘పత్తికొండ’ను పలకలేక మూడుసార్లు ఆగి, నాలుగోసారి కోపంగా అన్నాడు. ఆ వాయిస్ మా క్లాసంతా విన్నాం.

ఉగాది తర్వాత తిరిగొచ్చాక మళ్లీ పరీక్షించాను. గుణింతాలు నిలిచాయి. త, ర, ల ఒత్తులు జారిపోయాయి, మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అంతకు ముందు రెండేళ్లూ ఇదే సమయానికి వాడు మొదటికొచ్చేవాడని హెడ్మాస్టర్ సార్ అన్నారు.

ఫలితం, దాని మీద నా ఆలోచనలు

ఏప్రిల్ చివర్లో వాడు ఒకటో తరగతి స్థాయి పేరా చదివాడు. ఐదో తరగతి అర్ధ సంవత్సరం నాటికి రెండో తరగతి స్థాయి కథ మెల్లగా, ఆగి ఆగి చదివాడు. తరగతి స్థాయికి ఇంకా చాలా వెనకే ఉన్నాడు. ‘రాష్ట్రం’ లాంటి మాటల దగ్గర ఇప్పటికీ ఆగుతాడు.

ఒక సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. నిజంగా చదవడం మొదలుపెట్టాక వాడి చదువు వినడానికి ఘోరంగా ఉండేది. కామాలు లేవు, స్వరం లేదు, ప్రతి మాటా సుత్తితో కొట్టినట్టు. హెడ్మాస్టర్ సార్ ఒకరోజు విని, “పోయినేడాది బాగా చదివేవాడు కదమ్మా, ఇట్లయిపోయినాడేంది?” అన్నారు. తనిఖీకి వచ్చినవాళ్లు గది గుమ్మంలో నిలబడి వింటే పోయినేడాది ఈరన్నకే మంచి మార్కు వేస్తారు. కాబట్టి పిల్లలు గడగడా చదివితే ఇప్పుడు నేను మురిసిపోను. కొత్త కాగితం ఇస్తాను, వేలు చూస్తాను, మధ్యలోంచి ఒక మాట అడుగుతాను.

బోర్డు వార్తలు అందరికీ ఇలాగే పనిచేస్తాయని చెప్పను. అదే గదిలో ఇంకో పాపకు ఊరి కబుర్ల మీద ధ్యాసే లేదు. ఆమెకు రంగుల పుస్తకాలతోనే చదువొచ్చింది, బొమ్మ కింద ఏం రాసుందోనని తనే అడిగేది. విని అర్థం చేసుకోవడమే బలహీనంగా ఉన్న పిల్లలకు మూడు ముక్కల వార్త చాలదు, వాళ్లకు ముందు బోలెడు కథలు నోటితో చెప్పాలి. ఆసక్తి కలిగించాలి అనే ముందు, ఈ పిల్లవాడు అక్షరాలు తప్పించుకుని ఏ దారిన పోతున్నాడో చూడాలి. ఈరన్న పోయింది చెవి దారి. ఆ దారి మూసేస్తే సరిపోదు, ఆ చివర వాడికి దొరికేదేదో అక్షరాల చివర కూడా దొరకాలి.

ఇంగ్లీషు సంగతి తేలలేదు. మా పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. తెలుగు పేజీ చదివి అర్థం తెలుసుకుని, ఇంగ్లీషు పేజీని వాడు మళ్లీ కంఠతా పడుతున్నాడు. ఊళ్లో ఇంగ్లీషులో దొరికే వార్త ఏముంది? పురుగుమందు డబ్బా మీది మాటలతో మొదలుపెట్టాను గానీ, అది ఇంకా కేసుగా రాసేంత కాలేదు.

జూన్‌లో వాడు ఆరో తరగతికి పక్క ఊరి హైస్కూలుకు పోతాడు. టీసీతో పాటు తెలుగు టీచర్‌కు ఒక కాగితం రాసి పెట్టాను. అందులో నాలుగే మాటలున్నాయి. కొత్త పాఠం ముందుగా చదివి వినిపించకండి, ఒకసారి వింటే వాడిక పుస్తకం చూడడు. గట్టిగా చదివించాలంటే క్లాసు ముందు కాకుండా పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి. ర ఒత్తు, సంయుక్తాక్షరాలు ఇంకా చెప్పాలి. సంక్రాంతికి సుగ్గికి పోతే, వాళ్ల నాయన ఫోన్ నంబర్ కింద రాశాను, టైపు చేసి పంపండి.